ప్రాఁతనగలలోని వన్నెముత్యములు

(మన స్వర్ణకార సంఘ వార్షిక మహాసభయందుఁ జదువఁబడిన యుపన్యాసము)



సంఘకార్యదర్శిగారు నన్ను సంస్కృతవాఙ్మయమున శిల్పులకుఁ గల స్థానమునుగూర్చి ప్రసంగింపుమని కోరిరి. ఆ విషయమును నాకంటె బాగుగాఁ జెప్పఁగల పెద్దలు మనలోఁ బెక్కురు గలరు. కావున వారి యనుమతితో నేను వేఱొక చిన్నవిషయమును దీసికొంటిని. ప్రాఁతనగలలో నల్లగానో, బూడిదవన్నెగానో, పసుపుపచ్చగానో, గులాబివన్నెగానో కనఁబడు ముత్యములు సముద్రమునఁ దమంతఁ దాము పుట్టినవా, మనుష్యప్రయత్నమునఁ బెంపఁబడినవా, లేక రంగు వేయఁబడినవా యని గుర్తించుట యెట్లు? ఇదియే నేఁటి ప్రసంగము.

నేను కుంపటియొద్దఁ గూర్చుండి పని నేర్చినవాఁడను గాను. మా తండ్రిగారితోనే మా యింట సుత్తిచప్పుడు నిలిచిపోయినది. నేను బడిలోఁ బిల్లలకు శబ్దములు, సమాసములు చెప్పుకొని యుద్యోగము ముగించితిని. అట్టివాఁడు పనివారి సభలో ముత్యపరీక్షఁ జెప్పఁబూనుట సాహసమే. అయినను ఈ విషయమున నేను చేసిన తప్పొకటి కలదు. దానివలన మన కులములోని యొక సత్పురుషునకు మచ్చ వచ్చినది. అట్టి తప్పు మఱియొకరు చేయకుండుటకై దానిని మీ యెదుట దాఁచక చెప్పుచున్నాను.

2011వ సంవత్సరమున మా ప్రక్కయూరి యొక గృహస్థుల యింట మనుమరాలి వివాహము కుదిరినది. ఆ యింటి పెద్దమ్మగారియొద్ద మూఁడుపేటల ముత్యాలహార మొకటి యుండెను. అది యామె యత్తగారు కాపురమునకు వచ్చినపుడు పుట్టింటినుండి తెచ్చుకొన్నది. ముత్యములన్నియు మీఁగడవన్నెవి, నడిమిపేట మధ్యభాగమున నున్న యైదు ముత్యములు మాత్రము సీసమువలె బూడిదవన్నె గలవి. హారమును వెలగట్టించుటకై పట్టణమునకుఁ గొనిపోఁగా నచటి వర్తకుఁడొకఁడు చూచిన వెంటనే, "ఈ నల్లవి రంగు వేసిన కల్చర్డు ముత్యములు. అసలువానిని దీసి యెవరో వీనిని గ్రుచ్చినారు" అనెను. ఆ హారము పేటలు తెగఁగా 2009లో తిరిగి గ్రుచ్చియిచ్చినవారు మా పెదతండ్రిగారి కుమారులు, మా అన్నగారు. ఆ యింటి పని మా వంశమువారికి మూఁడుతరములనుండి వచ్చుచున్నది.

పెద్దమ్మగారు తొందరపడి యెవ్వరిని నిందించు స్వభావము గలవారు గారు. ఆమె నన్ను బిలిపించి, "పంతులుగారూ, మీరు శాస్త్రము చదివినవారు. మీ యన్నగారని చూడక నిజము చెప్పుఁడు" అని యడిగిరి. నేను హారమును కిటికీయొద్ద పట్టిచూచి, కౌటిల్యుని యర్థశాస్త్రమున నీలవర్ణమును, శ్యావవర్ణమును గల ముత్యములు దోషములలోఁ జెప్పఁబడినవని జ్ఞాపకము చేసికొని, "ఇవి మంచి ముత్యములు గావు" అని పలికితిని. ఆ మాట యింటివారి చెవికి 'ఇవి దొంగముత్యములు' అని వినఁబడినది. నేనును దానిని సవరింపలేదు. నా మనస్సులోను భావ మదియే. మా అన్నగా రాప్రక్కనే నిలుచుండి విని తల వంచుకొని వెడలిపోయిరి. ఎవరును ఫిర్యాదు చేయలేదు, పంచాయతీ పెట్టలేదు. కాని ఆ నాఁటినుండి వారి దుకాణమునకు నగలు వచ్చుట తగ్గిపోయినది. ఏఁడాది తిరుగకమునుపే వారు కుంపటి నార్పివేసిరి.

తరువాత జరిగినది చివరఁ జెప్పెదను. ముందుగా నేను ఆ నాఁడు తెలిసియుండవలసిన సంగతులను, ఆలస్యముగా నేర్చుకొన్నవానిని విన్నవించెదను.

మొదటి సంగతి శాస్త్రసంబంధమైనది. అర్థశాస్త్రము రెండవ యధికరణము పదునొకండవ యధ్యాయమునఁ గోశమునఁ జేర్పఁదగిన రత్నముల పరీక్ష యున్నది. అందు స్థూలమై, గుండ్రనై, నిలుకడలేక దొర్లునదై, మెఱయునదై, తెల్లనై, బరువై, స్నిగ్ధమై, తగినచోటఁ దొలువఁబడిన ముత్యము ప్రశస్తమని చెప్పఁబడినది. శ్యావము, నీలము, చెడుగాఁ దొలువఁబడిన దుర్విద్ధము మొదలగునవి యప్రశస్తములు. అప్రశస్తమనఁగా మెచ్చఁదగనిదని యర్థముగాని కృత్రిమమని యర్థము గాదు. పిల్లలకు నిత్యము పదార్థము చెప్పుచుండిన నేనే ఈ భేదమును విస్మరించితిని. ఇఁక వరాహమిహిరుని బృహత్సంహితలో ముత్యములను గూర్చిన యధ్యాయమును జూతమా, అందు వన్నెముత్యములకు గౌరవస్థానమే కలదు. అవిసెపూవువలె నీలమైన ముత్యమునకు విష్ణువును, హరిదళపు వన్నె గలదానికి వరుణుని, నల్లనిదానికి యముని, ఎఱ్ఱనిదానికి వాయువును అధిదేవతలుగాఁ జెప్పినాఁడు. తామ్రపర్ణి ముత్యములు కొంచెము రాగివన్నె గలవనియుఁ జెప్పినాఁడు. అనఁగా వన్నెముత్యములు సముద్రమునఁ బుట్టుట మన పూర్వులు వేయియేండ్లకు ముందే యెఱిఁగియుండిరి. నేను ఒక గ్రంథమును సగము జ్ఞాపకము పెట్టుకొని రెండవదానిని మఱచితిని.

రెండవ సంగతి ముత్యము పుట్టుకను గూర్చినది. ముత్యపుచిప్పలోని ప్రాణి మెత్తని శరీరముపై నొక పలుచని పొర గలదు. చిప్ప లోపలితట్టు మెఱుఁగు నేర్పఱచునది యీ పొరయే. పరాన్నజీవి వలననో, గాయము వలననో ఆ పొరలోని కణములు కొన్ని శరీరములోనికిఁ జొచ్చినచో, నవి యొక సంచివలె నేర్పడి తమ పనిని అచటనే సాగించును. సున్నపుఁ బలకలను, వానిని అంటించు జిగురువంటి సేంద్రియద్రవ్యమును పొరపై పొరగా వేయును. ఒక్కొక్క పలక మందము ఇంచుమించు మిల్లీమీటరులో రెండువేలవ వంతు. ఇట్లు కొన్ని యేండ్లు పెరిగినది సహజముత్యము. దానిని నడిమికిఁ గోసిచూచిన ఉల్లిగడ్డవలె నొకే కేంద్రము చుట్టును పొరలు కనఁబడును.

మనుష్యుఁడు చేయు పని యేమనఁగా, ఆ పొరముక్కను తానే కోసి మఱియొక చిప్పలోఁ బెట్టుట. సముద్రపు చిప్పలలో సాధారణముగా దానితోఁ గూడ గుండ్రని పూస నొకదానిని బెట్టుదురు. ఈ పూసలు చిరకాలముగా అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతపు ఆల్చిప్పలను గోసి చేసినవి. చిప్ప ఆ పూసపై మెఱుఁగుపొర వేయును. దానినే కల్చర్డు ముత్యమనుచున్నారు. నేను సాగుముత్యమని వ్యవహరించెదను. ఇది గాజుపూస కాదు. పై పొర నిజమైన ముత్యపుఁబొరయే. పెంపుడుబిడ్డ బిడ్డ గాదని యెవరనఁగలరు? పెంపుడుబిడ్డను కన్నబిడ్డ యని చెప్పి ఆస్తి వ్రాయించుకొన్నచోనే మోసము. వాణిజ్యమున అంతర్జాతీయముగా నంగీకరింపఁబడిన నియమమును ఇదియే: ముత్యమని యూరక చెప్పినచో సహజమనియే యర్థము, సాగుదైనచో సాగుదని చెప్పితీరవలెను.

మూఁడవ సంగతి, ప్రాఁతనగలకు మిక్కిలి ముఖ్యమైనది, కాలగణనము. దీనికి భూతద్దముకూడ నవసరము లేదు. జపానుదేశీయుఁడగు కొకిచి మికిమొతో 1893లో అర్ధగోళాకారపు సాగుముత్యములను బడసెను. గుండ్రని సాగుముత్యములు యూరపు విపణులకు వచ్చినది 1920 ప్రాంతమున. 1921లో లండను, పారిస్ నగరముల వర్తకులు వీనిని జూచి కలవరపడిరి. నలుపు, బూడిద, నెమలికంఠపు వన్నెలు సహజముగాఁ గల సాగుముత్యములు తహితి మొదలగు ఫ్రెంచి పొలినీషియా ద్వీపములలో 1960 ప్రాంతపు ప్రయోగములతో నారంభమై, 1970 తరువాతనే వర్తకమునకు వచ్చినవి. ఊదా, గులాబి, నారింజవన్నెల మంచినీటి సాగుముత్యములు చైనానుండి విస్తారముగా వచ్చినది 1990 తరువాత. మన దేశమున తూత్తుకుడియందు కేంద్ర సముద్ర మత్స్యపరిశోధన సంస్థలో డాక్టరు కె. అళగర్‌స్వామిగారు సాగుముత్యమును సాధించినది 1973లో.

కావున 1910లో చేసిన నగలో నాఁడు గ్రుచ్చిన గుండ్రని సాగుముత్య ముండుటకు వీలులేదు. నల్లని తహితి సాగుముత్యము దానిలోఁ గనఁబడినచో, నది తరువాత మార్చఁబడినదే. అయితే నగ ప్రాఁతదైనంతమాత్రమున ముత్యములన్నియుఁ బ్రాఁతవని చెప్పరాదు. పేటలు తెగును, ముత్యములు జాఱిపోవును, క్రొత్తవి చేరును. తూత్తుకుడి తీరమున పెద్దయెత్తున ముత్యపుచిప్పల వేఁట జరిగినది 1961తో ముగిసినది. పర్షియాసింధుశాఖలో సాగుముత్యముల పోటీవలనను, 1929 నాఁటి యార్థికమాంద్యమువలనను, తరువాత నూనె బయలుపడుటవలనను ముత్యపువేఁట క్షీణించినది. అందుచేత 1960 తరువాత తెగిన హారమునకు లోపించిన ముత్యమును బూరించుటకు సాగుముత్యమే సులభముగా దొరకెడిది. యజమానులు తెలిసియో తెలియకయో దానినే కొని యిచ్చెడివారు.

ఈ భేదమువలన వెల యెంత మాఱునో తెలియుటకు ఒక యుదాహరణము. 1917లో న్యూయార్కు నగరమున కార్టియర్ వర్తకులు రెండుపేటల సహజముత్యహారమును, దానితో నూఱు డాలర్లను ఇచ్చి యొక భవనమునే కొనిరి. ఆ హారము వెల పదిలక్షల డాలర్లని నాఁటి లెక్క. 1957లో ఆ హారమే 1,51,000 డాలర్లకు అమ్ముడుపోయినది. సాగుముత్యములు లోకమును నింపిన ఫలమది. మరల సహజముత్యములు అరుదగుటచే, బరోడా సంస్థానపు ముత్యములతోఁ గూర్చిన రెండుపేటల హారము 2007లో న్యూయార్కు వేలమున 70 లక్షల డాలర్లకుఁ బైగా పలికినది. మన హైదరాబాదు పత్తర్‌గట్టీ బజారు బస్రా ముత్యములకుఁ బ్రసిద్ధి వహించినది. నైజాము నగలలోని బస్రా ముత్యముల సత్‌లడా హారము 1995లో భారతప్రభుత్వము కొన్న నగలతో ప్రభుత్వపరమైనది. అంతటి రాజగృహముల మాట యటుండనిండు. మన తెలుఁగు గృహములలో బులాకీకి వ్రేలాడు నొక్క ముత్యము, గుట్టపూసల హారమున గుత్తులుగా నున్న చిన్నముత్యములు, చెవుల మాటీలు, ఇవన్నియు సహజములై యుండు నవకాశము కలదు. వానిని తెలియక చౌకగా నమ్ముకొనువారును గలరు, తెలియక దొంగవని పాఱవేయువారును గలరు.

ఇఁక వన్నెలను గూర్చి. వన్నె మూఁడువిధముల గలుగును: జాతివలన, కాలమువలన, మనుష్యునివలన. నల్లయంచు గల పెద్దచిప్ప నల్లని ముత్యమును, బంగారపుటంచు గల చిప్ప పసిఁడివన్నె ముత్యమును ఇచ్చును. మన తీరపు చిన్నచిప్పలోను, బస్రా చిప్పలోను ముత్యములు మిక్కిలిగా తెలుపో, మీఁగడవన్నెయో యైనను, లోపలి పొరలలో సేంద్రియద్రవ్యము హెచ్చుగాఁ జేరినపుడు బూడిదవన్నె ముత్యములును బుట్టును. వర్తకులు వీనిని నీలిముత్యములందురు. కాలమువలనఁ గలుగు వన్నె పసుపు. ఏండ్లతరబడి చెమట, నూనె తగిలి తెల్లని ముత్యములు పసుపుబాఱును. మనుష్యుఁడు చేయు వన్నెలు రెండు ముఖ్యములు. వెండిలవణమగు సిల్వర్ నైట్రేటులో నాననిచ్చి నలుపు చేయుట యొకటి. గామాకిరణములఁ జొప్పించుట రెండవది. కిరణములవలన మంచినీటి చిప్పనుండి చేసిన లోపలిపూస నల్లఁబడి, పైపొరగుండ బూడిదనీలిగాఁ దోఁచును.

ఇవిగాక మెఱుఁగుపొర లేని ముత్యములును గలవు. కరీబియను సముద్రపు పెద్దశంఖమునఁ బుట్టునది గులాబివన్నెది. దానిపై సన్నని జ్వాలలవంటి చాఱలు కనఁబడును. వీనిని సాగుచేయుట సాధ్యమైనట్లు ప్రకటింపఁబడినది 2009లో మాత్రమే. నారింజవన్నె మెలో ముత్యము తూర్పు సముద్రముల పెద్దనత్తలోఁ బుట్టును. వీనిని మెఱుఁగు లేదని పగడమనియు, పింగాణియనియు భ్రమపడరాదు.

ఇప్పుడు దుకాణమునఁ గూర్చున్న పనివాఁడు చేయఁదగిన పరీక్షలను జెప్పెదను. అన్నిటిలోఁ బ్రధానము బెజ్జమును జూచుట. కౌటిల్యుఁడు దేశవిద్ధము, దుర్విద్ధము అని బెజ్జమునకుఁ బ్రాధాన్య మిచ్చుట యూరకయే కాదు. సహజముత్యము తూఁకముచే నమ్ముడుపోవునది గనుక పూర్వపు తొలుపుడువారు బరువు పోకుండ సన్నని బెజ్జమును వేసెడివారు. చేతితో రెండువైపులనుండి తొలిచి నడుమ కలిపిన గుర్తులు ప్రాఁతముత్యములలోఁ గనఁబడును. యంత్రముతోఁ దొలిచిన సాగుముత్యపు బెజ్జము సాధారణముగా వెడల్పై తిన్ననై యుండును. పదిరెట్లు పెద్దదిగాఁ జూపు భూతద్దముతో, మంచి వెలుతురులో బెజ్జపుటంచును జూడుఁడు. లోపల తెల్లని పూసకును పైపొరకును నడుమ నొక గీఁత, కొన్నిట నల్లని గీఁత, కనఁబడినచో నది పూస పెట్టిన సాగుముత్యము. గీఁత కనఁబడనంతమాత్రమున సహజమని చెప్పరాదు. పొర మందమై గీఁత లోపల దాఁగియుండవచ్చును. చైనా మంచినీటి ముత్యములలోఁ బెక్కింటికి లోపల పూసయే యుండదు.

రెండవది వెలుతురుపరీక్ష. చీఁకటిగదిలో సన్నని బలమైన దీపముపై ముత్యమును మెల్లగాఁ ద్రిప్పిన, పలుచనిపొర గల సాగుముత్యమున లోపలి పూసయొక్క చిప్పగీఁతలు సమాంతరముగా నీడలవలె మెఱసి మాయమగును. నల్లముత్యములందు ఈ పరీక్ష యంతగాఁ బనికిరాదు.

మూఁడవది రంగు నిలిచినచోటును జూచుట. వేసిన రంగు బెజ్జమునొద్దను, పగుళ్లలోను, గుంటలలోను చిక్కగా నిలుచును. దారమునకుఁ గూడ నంటియుండవచ్చును. కాని ఇచట నొక హెచ్చరిక. మన ప్రాఁతహారములను ఎఱ్ఱపట్టుతోను, నీలిపట్టుతోను గ్రుచ్చెడివారు. ఆ దారపురంగు చెమటతోఁ గరగి బెజ్జములోఁ బట్టియుండును. లక్కయు నట్లే. బెజ్జమున రంగు కనఁబడినంతనే ముత్యమునకు రంగు వేసిరనరాదు.

నాలుగవది అతినీలలోహితదీపము. నల్లయంచు చిప్పలో సహజముగా నల్లనైన ముత్యము, దీర్ఘతరంగపు అతినీలలోహితకాంతిలో, ఎఱుపుకలిసిన గోధుమవన్నెతో మెఱయును. వెండిలవణముతో నల్లఁబఱచినది సాధారణముగా నిర్జీవముగా నుండును. అయితే చిన్నచిప్పల బూడిదముత్యములు నల్లయంచు జాతివి గావు గనుక అవి యెఱ్ఱగా మెఱయనంతమాత్రమున నిందింపరాదు.

చేయఁగూడని పరీక్షలును గలవు. గరుడపురాణమున ముత్యమును ఉప్పు కలిసిన వేడినూనెలో రాత్రియంతయు నుంచి, మఱునాఁడు పొడిగుడ్డలో వడ్లతో రుద్దుమని యున్నది. అది నాఁటి కృత్రిమపూసలను గనిపెట్టుటకుఁ జెప్పినది. సాగుముత్యము ఆ పరీక్షలో సహజముత్యమువలెనే నిలుచును, ప్రాఁతముత్యము చెడిపోవును. పంటికి రుద్దిచూచుటయు నట్లే: గరుకుగాఁ దగిలినచో గాజు కాదని తెలియును, అంతే. ఆమ్లము వేసి రంగు దిగునేమో చూచువారు ముత్యమును దినివేయుచున్నారు. నగకు మెఱుఁగు పెట్టునపుడు చింతపండు, నిమ్మరసము ముత్యమునకుఁ దగులనీయకుఁడు. అతుకు వేయునపుడు ముత్యములను దీసి ప్రక్కకుఁ బెట్టుఁడు. బంగారమునకు మంటయుఁ బులుసును బండుగ, ముత్యమునకు మృత్యువు.

ఇన్ని చెప్పినను చేతిపరీక్షలన్నియు ననుమానమును గలిగించుటకో తగ్గించుటకో మాత్రమే. నిర్ణయము చేయునది పరీక్షాశాల. ఎక్సుకిరణములఁ దీసిన ఛాయాచిత్రములో సహజముత్యము లోపల చెట్టుమ్రానిలోని వలయములవలె వంపుగీఁతలు తెలియును. పూస పెట్టినదైన గుండ్రని పూస స్పష్టముగా వేఱుపడి కనఁబడును. పూస లేని సాగుముత్యమైన నడుమ వంకరగా నొక సన్నని ఖాళీ యుండును. వెండిలవణముతో నల్లఁబఱచినది వెండి చేరినచోట తెల్లని పట్టెగాఁ దేలును. రసాయనవిశ్లేషణముచే వెండి యున్నది లేనిదియుఁ దెలియును. మంచినీటి పూసలో మాంగనీసు హెచ్చు గనుక అది యెక్సుకిరణములఁ దగిలి మెఱయును. ఇప్పుడు ముత్యమును గోయకయే లోపలిభాగమును అన్నివైపులఁ జూపు యంత్రములును వచ్చినవి. ఇంతటివారిని సైతము మోసగించుటకు సహజముత్యమునే లోపల పూసగా నుంచి సాగుచేయువారు బయలుదేఱినారు. అందుచే పరీక్షాశాలలవారే తొందరపడరు. మనము కన్ను మాత్రము నమ్ముకొని తొందరపడుట యెంతటి తెలివి?

ఇఁక నా కథ ముగింతును. 2014లో ఆ యింటి మనుమఁడు ముంబయిలో నుద్యోగము చేయుచు, హారము నచటి రత్నపరీక్షాశాల కిచ్చెను. నివేదిక వచ్చినది. నడిమిపేటలోని యైదు బూడిదముత్యములును సహజములు, వన్నెయు సహజమే, వెండి జాడ లేదు. పైపేటలో మెడవెనుకకు వచ్చుచోట నాలుగు మీఁగడవన్నె ముత్యములు మాత్రము పూస పెట్టిన సాగుముత్యములు. ఎవరును శంకింపనివి సాగువి, అందఱు శంకించినవి సహజములు!

ఆ నాలుగింటికిని మా యన్నగారు బాధ్యులా యని నేను మా పెదతండ్రిగారి పద్దుపుస్తకములను వెదకితిని. 1958వ సంవత్సరపు పుస్తకములో ఆ యింటి పేరిట నొక పద్దు కలదు: మూఁడుపేటల హారము తిరిగి గ్రుచ్చుట; లోపించిన ముత్యములు నాలుగు; యజమానులే పట్టణమునుండి తెప్పించి యిచ్చిరి. అప్పటికి మా యన్నగారు చిన్నపిల్లవాఁడు.

మఱియొక సంగతి. పద్దును జూపుటకై నే నాయింటికిఁ బోయినపుడు చావడిగోడమీఁద నున్న ఛాయాచిత్రమును జూచితిని. పెద్దమ్మగారి యత్తగారి వివాహచిత్రము. క్రింద 1912 అని వ్రాసియున్నది. మెడలో నీ హారమే. నలుపుతెలుపుల చిత్రమైనను నడిమిపేట మధ్యనున్న యైదు ముత్యములు మిగిలినవానికంటె నల్లగా స్పష్టముగాఁ గనఁబడుచున్నవి. గుండ్రని సాగుముత్యములు విపణికి రాకమునుపే ఆ యైదును ఆ మెడలోఁ గలవు. నేను కిటికీయొద్ద నిలిచి శాస్త్రము పలికిన నాఁడు ఆ సాక్ష్యము నా వీఁపువెనుకనే యుండెను. నేను వెనుకకుఁ దిరిగి చూడలేదు.

పెద్దమ్మగారు కన్నీరు పెట్టుకొని క్షమాపణము చెప్పుటకు మా యన్నగారి యింటికి వచ్చిరి. కాని అన్నగారు 2013లోనే కాలము చేసిరి. నివేదికను నేను మా వదినెగారికిఁ జదివి వినిపించితిని. ఆమె చివరివఱకు విని, "నాయనా, ఆ వర్తకుని మాట వారు నమ్మలేదు. నీవు చదువుకొన్నవాఁడవని నీ మాట నమ్మిరి" అని మాత్ర మనెను. దానికి నాయొద్ద సమాధానము లేకుండెను; నేఁటికిని లేదు.

సోదరులారా! మన వృత్తివారిని లోకము మెచ్చును, శంకించును గూడ. బంగారమునకు ఒరగల్లు కలదు. 2021నుండి బంగారునగలకు హాల్‌మార్కు ముద్ర నిర్బంధమైనది. కాని ఆ ముద్ర బంగారపు నాణ్యమునే చెప్పును; ముత్యమును గూర్చి యొక్కమాటయుఁ జెప్పదు. ముత్యము విషయమున మనలను గాపాడునది వ్రాఁతయే. కావున మీకు నేను జేయు మనవులు నాలుగు.

ప్రాఁతనగ చేతికి వచ్చిన వెంటనే యజమానుని యెదుటనే ముత్యములను లెక్కించి, తూఁచి, వన్నెవారిగా వ్రాసి, ఛాయాచిత్రములను దీసి, ఇరువురును సంతకములు చేయుఁడు. యజమానుఁడు తెచ్చియిచ్చిన ముత్యములను వేఱుగా వ్రాయుఁడు. పెద్దలనాఁటి పద్దుపుస్తకములను చెదలపాలు చేయకుఁడు. వానిలో మన వంశముల మర్యాద యున్నది. చివరిది, మిక్కిలి ముఖ్యమైనది: సహజమో, సాగుదో, రంగు వేసినదో నిశ్చయముగాఁ దెలియనపుడు 'నాకుఁ దెలియదు, పరీక్షాశాలకుఁ బంపుఁడు' అని చెప్పుటకు సిగ్గుపడకుఁడు. ఆ యొక్క వాక్యమును నేను 2011లోఁ బలికియుండినచో మా యన్నగారి కుంపటి చల్లాఱియుండెడిది కాదు.

 సంఘకార్యదర్శిగారు సెలవిచ్చినచో, మన పిల్లలకు బెజ్జమును భూతద్దముతోఁ జూచుట నేర్పు చిన్నతరగతి యొకదానిని సంఘమందిరమున నడపింపఁ గోరుచున్నాను. దానికి వలయు రెండు భూతద్దములను, ఒక దీపమును మా యన్నగారి పేర నేను సమర్పించుకొందును. శుభమస్తు.